మనాలి మంచులో వెలగని హీటరుకు అద్దె

జనవరి నెలాఖరులో మనాలి వెళ్లేవారు గది అద్దె కంటే ముందుగా తెలుసుకోవలసినది, కరెంటు పోయినప్పుడు గదిని వెచ్చబరిచే ఏర్పాటు ఏమున్నదన్నది. మాల్ రోడ్డు వెనుక మేము దిగిన హోటలులో గదికి రోజుకు 2,200 రూపాయలు, హీటరుకు వేరుగా 500 రూపాయలు అన్నారు. చలికి జంకి ఒప్పుకున్నాము. మధ్యధరా ప్రాంతం నుంచి వానను, మంచును మోసుకువచ్చే పశ్చిమ అలజడులనే వాతావరణ వ్యవస్థలు ఒకదాని వెంట ఒకటి పీర్ పంజాల్ పర్వత శ్రేణిని తాకినప్పుడు మంచు రోజుల తరబడి తెరపి ఇవ్వదు. ఆ రాత్రి మొదలైనది అటువంటిదే. దేవదారు కొమ్మలు విరిగి తీగలపై పడడంతో కరెంటు పోయింది. జనరేటరు ఉన్నదని వారు చెప్పిన మాట అబద్ధం కాదు గాని, అది నడిపినది వరండా దీపాలను, యజమాని కూర్చునే గదిలోని హీటరును మాత్రమే. కుళాయిలలో నీరు గడ్డకట్టగా బకెట్టు వేడినీళ్లకు 50 రూపాయలు పుచ్చుకున్నారు. వెలగని హీటరుకు అద్దె ఎందుకు కట్టాలని అడిగితే, "హీటరు మీ గదిలోనే ఉన్నది కదా" అన్నాడు ఆ యజమాని. మా అత్తయ్యగారు రెండు రజాయిలు కప్పుకుని నాతో మాట్లాడడమే మానివేశారు.

టాక్సీలు మూడు కిలోమీటర్లకు 1,200 రూపాయలు అడుగుతుండగా, ఆ హోటలు వదిలి, సామాను మోసుకుని నడిచి వశిష్ఠ గ్రామం చేరాము. అక్కడి హోమ్‌స్టేలో గది 1,500 రూపాయలే. గది చిన్నది, గోడలు చెమ్మగిల్లాయి, అయినా నడిమింట కట్టెలతో మండే తందూరు చుట్టూ ఇంటివారితో పాటు మాకూ చోటు దొరికింది. అక్రోటు ముద్ద కూరి ఆవిరిపై ఉడికించిన సిద్దూలనే గోధుమ రొట్టెలను నేతిలో ముంచి ఇంటావిడ పెడుతుంటే, అత్తయ్యగారు ఎన్ని తిన్నారో లెక్క పెట్టే సాహసం ఎవరూ చేయలేదు. గుడి పక్కనే ఉన్న గంధకపు వేడినీటి గుండాలలో ఆడవారికి, మగవారికి వేర్వేరుగా స్నానం ఉచితం. ఊరంతా నీటికి కటకటలాడుతున్న వేళ అంతకు మించిన వసతి నాకు కనబడలేదు.

లాహౌల్ లోయలోని సిస్సు గ్రామానికి వెళ్లాలన్న కోరిక మాత్రం తీరలేదు. 2020 అక్టోబరులో ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం వలన రోహ్‌తాంగ్ కనుమ ఎక్కకుండానే లాహౌల్ చేరవచ్చు. అయితే సొరంగానికి చేరే దారిలో మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఉన్నందున, మమ్మల్ని సోలంగ్ వద్దనే వెనక్కు పంపారు. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న రోజులలో ఆ ప్రయాణానికి ముందుగా సొమ్ము చెల్లించవద్దు. మేము ఇచ్చిన 3,500 రూపాయలలో టాక్సీ యజమాని 1,000 రూపాయలు మాత్రమే తిరిగి ఇచ్చి, మిగిలినది మంచులో జారకుండా చక్రాలకు చుట్టే గొలుసులకు, డీజిలుకు సరిపోయిందన్నాడు.