క్యాంపుకు పెద్ద ఇంజన్: 39 హెచ్‌పీ నుంచి 50కి మారి ఆరేళ్లు

దేవరకొండ, చండూరు వైపు నుంచి దమ్ముల (నాట్లకు ముందు మడిని బురదగా కలియదున్నే) సీజన్‌లో ట్రాక్టర్లు సాగర్ ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దాకా పోతాయి. పాలమూరులో అయితే జూరాల కింద ఆత్మకూరు, అమరచింత దాకా. దీన్నే క్యాంపు అంటాం. ట్రాలీలో మట్టిని కలియదున్నే రోటావేటర్, బురదలో దిగేందుకు కేజ్‌వీల్స్ (ఇనుప చక్రాలు), 200 లీటర్ల డీజిల్ డ్రమ్ము, మంచాలు, పొయ్యి, బియ్యం, తాగునీళ్లు, పైన తాటిపత్రి. నెలా నెలన్నర ఇల్లంతా ఇంజన్ (ట్రాక్టర్‌నే అలా అంటాం) వెనకే ఉంటుంది. ఈ పనికి 39 హెచ్‌పీ ఇంజన్ తీసేసి 50 హెచ్‌పీది కొని ఆరేళ్లయింది. మీటర్ 5,400 గంటలు దాటింది.

ముందు కాటా లెక్క చూడాలి. ఖాళీ ట్రాలీ 14 క్వింటాళ్లు, క్యాంపు సామానుతో 27. ఇది చిన్న ఇంజన్ కూడా లాగుతుంది. చిక్కంతా డిసెంబరులో వస్తుంది. కోతలు, యాసంగి దమ్ములు కలిసిపోయి, పొద్దున దమ్ము కొట్టిన ఇంజనే సాయంత్రం వడ్లు మోయాలి. 40 కిలోల బస్తాలు వంద వేస్తే ట్రాలీతో కలిపి 54 క్వింటాళ్లు. చిన్న ఇంజన్ బరువు 18 క్వింటాళ్లే, అంటే వెనక మూడింతలు. మన ట్రాలీల్లో చాలావాటికి బ్రేకులు ఉండవు, ఆ బరువంతా ఇంజన్ బ్రేకుల మీదే ఆగాలి. నాగార్జునసాగర్‌లో హిల్ కాలనీ నుంచి పైలాన్ కాలనీకి దిగేటప్పుడు చిన్న ఇంజన్‌ను ట్రాలీ ముందుకు నెడుతుంది. వెనక టైర్లు పట్టేసినా జారుతూనే పోతుంది. 50 హెచ్‌పీది 21 క్వింటాళ్లు, నూనెలో మునిగే బ్రేకులు. అదే దిగుడులో ఎక్కేటప్పుడు పెట్టిన గేరులోనే దింపితే చాలాసేపు పెడల్ ముట్టకుండా వస్తుంది. దిగుడులో క్లచ్ నొక్కి బండిని వదిలేయడం, న్యూట్రల్ చేయడం రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే, ఏ ఇంజనైనా.

పెద్ద ఇంజన్ కొన్నా ఒక పొరపాటు పాతదే. పొలంలో మలుపు కోసం కుడి, ఎడమ బ్రేకు పెడళ్లు విడదీస్తారు. రోడ్డెక్కేటప్పుడు వాటిని కలిపే కొక్కెం వేయడం మరుస్తారు. ఒక్క పెడల్ మీద కాలు పడితే ఒక చక్రమే ఆగుతుంది, ట్రాలీ అడ్డం తిరిగి ఇంజన్‌ను పడేస్తుంది. కొక్కెం వేసినా రెండు పెడళ్ల ఆట సమానంగా ఉందా అని వారానికోసారి చూడాలి.

ట్రాలీని ఇంజన్‌కు తగిలించే పిన్ను కూడా అంతే. ఆరేళ్లలో మూడు మార్చాల్సి వచ్చింది. పైనుంచి చూస్తే బాగానే ఉంటుంది, బయటికి తీసి పట్టుకుంటే నడుమ ఒక పక్క వేలు జారేంత పల్లం పడి ఉంటుంది. అక్కడ రెండు మిల్లీమీటర్లు తగ్గితే ఇక వాడొద్దు. కింద క్లిప్పు, పక్కన గొలుసు తప్పనిసరి. ఇంజన్ వెనక కొక్కేనికి ట్రాలీ ఎత్తు కుదరడం లేదని టాప్‌లింక్ (పనిముట్లను పట్టే పై కడ్డీ) దగ్గర తగిలిస్తే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేస్తాయి.

బరువు కోసం వెనక టైర్లలో నీళ్లు నింపమని చాలామంది చెబుతారు. 14.9-28 టైరులో ముప్పావు వంతుకు సుమారు 200 లీటర్లు పడతాయి. రోడ్డు మీద మంచి పట్టే. కానీ మిర్యాలగూడ నల్లరేగడి మడిలోకి అదే బరువుతో దిగితే ఇంజన్ కూరుకుపోతుంది, నీళ్లు తీయడానికి పూట పోతుంది. క్యాంపుకు నీళ్లు వద్దు, నట్లు విప్పి తీసే ఇనుప బరువులు పెట్టుకోండి. టైరు గాలి పొలంలో 12–14 పీఎస్‌ఐ, రోడ్డు మీద బరువుకు 18 దాకా.

డీజిల్ దమ్ములో గంటకు అయిదున్నర లీటర్లు. చిన్నది నాలుగున్నర తాగేది, కానీ దానికి అయిదడుగుల రోటావేటరే. ఆరడుగులది వేసుకుంటే ఎకరానికి సమయం తగ్గి, ఎకరం లెక్కన ఖర్చు దాదాపు ఒకటే అవుతుంది. రోడ్డు మీద పెద్దదే నయం, 1,600 ఆర్‌పీఎంలో పై గేరు మోస్తుంది. చిన్న మడుల్లో మాత్రం తిప్పడం కష్టం, మూలలు మిగులుతాయి. తరి (నీళ్ల సాగు) తక్కువై, గుంటల లెక్కన చిన్న మడులున్న ఊళ్లలోనే తిరిగేవాళ్లకు 50 అనవసరం.

అసలు ఖర్చు బురదతో వస్తుంది. దమ్ములో యాక్సిల్ సీళ్ల నుంచి నీళ్లు వెనక గేర్‌బాక్స్‌లోకి దిగుతాయి. ఈ బ్రేకులు మునిగేది కూడా ఆ నూనెలోనే కాబట్టి పనిముట్లను లేపే లిఫ్ట్, బ్రేకులు రెండూ చెడతాయి. గేజ్ పుల్ల తీసి చూడండి, నూనె పాలు కలిసిన చాయ్‌లా ఉంటే అదే రోజు పని ఆపాలి. మొత్తం మార్చితే నలభై లీటర్ల దాకా పడుతుంది. సీళ్లను చూసేది సీజన్ అయ్యాక కాదు, మొదలవకముందు. ముందు చక్రాల యాక్సిల్‌కు గ్రీజు రోజూ పెట్టాలి, లోపలి బురద బయటికి కారేదాకా.

కొనేముందు షోరూం వాళ్ల ఖాళీ బండి నడిపి చూస్తే ఏమీ తెలియదు. మీ ట్రాలీలో వడ్లు పోసుకొని పోండి. ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా కదులుతుందా చూడండి. అదే ఎత్తులో దిగుతూ బ్రేకు పట్టండి. స్టిక్కర్ మీద 50 ఉన్నా పీటీఓ (వెనక రోటావేటర్‌ను తిప్పే ఇరుసు) దగ్గరికి వచ్చేది 42, 43 హెచ్‌పీనే, రోటావేటర్ దాన్నిబట్టి ఎంచుకోవాలి. దాని వెడల్పు వెనక టైర్ల జాడను మూయాలి, లేకపోతే ప్రతి సాలులో టైరు గాడి మిగులుతుంది. పాత కేజ్‌వీల్స్ కొత్త రిమ్ములకు సరిపోకపోవచ్చు, బోల్టు రంధ్రాలు కొలిచి, కొత్త జత ధర కూడా కలిపి బేరం ఆడండి.