బేబెల్: లక్షల కామాలు తెలిసిన లైబ్రరీ

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి (కమీషన్) దుకాణాలకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసిస్తుంటాను. గుమస్తాలు ఎక్సెల్‌లో కొట్టి పంపే అంకెలు ఒక తీరుగా ఉండవు. ఒకరిది 1,23,456.50, ఇంకొకరిది 123,456, పెద్దాయన ఒకరు మాత్రం తక్‌పట్టీ (అమ్మకం చీటీ) మీద రాసినట్టే 5,000/- అని కొడతాడు. వీటిలో ఏది ఇచ్చినా పైథాన్‌లో అంకెలు చదివే ఫ్లోట్, వాల్యూ ఎర్రర్ ఇస్తుంది, అదే నయం. జావాస్క్రిప్ట్‌లో అదే పని చేసే పార్స్‌ఫ్లోట్ అయితే లక్షా ఇరవై మూడు వేలను మొదటి కామా దగ్గరే ఆపేసి 1 అని చేతిలో పెడుతుంది, ఎర్రర్ కూడా లేకుండా. పైథాన్‌తో వచ్చే లొకేల్ (ఏ దేశం, ఏ భాష తీరులో అంకెలు రాయాలో చెప్పే సెట్టింగ్) మాడ్యూల్ ఉంది కానీ, దాని సెట్టింగ్ మొత్తం ప్రాసెస్‌కు వర్తిస్తుంది. పైగా ఆ లొకేల్ సర్వర్‌లో ఇన్‌స్టాల్ అయి ఉండాలి.

అందుకే బేబెల్ అనే పైథాన్ లైబ్రరీ వాడుతున్నాను. అందులోని పార్స్_డెసిమల్ ఫంక్షన్‌కు అంకె, ఎన్_ఐఎన్ (ఇండియా ఇంగ్లీషు) అనే లొకేల్ ఇస్తే చాలు. తిరిగొచ్చేది పైసల్లో తేడా రాగల ఫ్లోట్ కాదు, ఉన్నదున్నట్టు నిలిపే డెసిమల్. డబ్బు లెక్కకు కావాల్సింది అదే.

అయితే మామూలుగా పిలిస్తే అది కామాలన్నీ పీకేసి మిగిలింది చదువుతుంది, అంతే. గుమస్తా చుక్క బదులు కామా కొట్టి 12,50 అని పంపాడనుకోండి, పన్నెండున్నర క్వింటాళ్ల మిర్చి 1250 క్వింటాళ్లవుతుంది. రేటు పదిహేను వేలు వేసుకున్నా రైతుకు రావాల్సిన 1,87,500 కాస్తా 1,87,50,000! స్ట్రిక్ట్ అనే ఆప్షన్‌ను ట్రూ చేస్తే ఆ అంకెను ఆపి, 1,250 అనుకున్నారా, 12.5 అనుకున్నారా అని ఎర్రర్‌లోనే అడుగుతుంది. ఆ రెండింటినీ స్క్రీన్ మీద బటన్లుగా పెట్టాను, గుమస్తాయే నొక్కుకుంటాడు. 123,456కూ అదే పద్ధతి. కామాలే లేని 123456ను మాత్రం ఏ పేచీ లేకుండా తీసుకుంటుంది. స్ట్రిక్ట్ మొదటి నుంచే ఆన్‌లో ఎందుకు పెట్టలేదో నాకైతే అర్థం కాదు.

రూపాయి గుర్తునూ, చివరి /- నూ అది చదవదు, మనమే ముందు తీసేసి ఇవ్వాలి. ౧౨౩ అని తెలుగు అంకెలిచ్చినా 123 అని చదువుతుంది, మా దుకాణాల్లో ఎవరూ అలా రాయరనుకోండి. ప్రపంచంలోని లొకేల్ డేటా అంతా మోసుకొస్తుంది కాబట్టి డౌన్‌లోడ్ సైజు పది ఎంబీ దాకా ఉంటుంది. ఒక్క ఇండియా కామాల కోసమే అయితే అది ఎక్కువే, కానీ ఉచితం. ఇంకో అడ్తి దుకాణం పని వచ్చినా ఇదే పెడతాను.