బరంపురం ఉక్కపోతకి కోరల్ ట్యాంక్ ఫ్యాన్ సరిపోతుందా?

పగడాలు (కోరల్స్) పెంచే ఉప్పునీటి అక్వేరియం చల్లబడడానికి, ట్యాంక్ అంచుకి బిగించే నాలుగు బుల్లి ఫ్యాన్ల సెట్టు ఇది. 12 వోల్టుల అడాప్టరు, విడిగా టెంపరేచర్ కంట్రోలర్, అన్నీ కలిపి రెండు వేల లోపే. నీళ్లని చల్లబరిచే మిషను, అదే చిల్లర్ అయితే దీనికి పది రెట్ల పైమాటే, పైగా లాగిన వేడంతా హాల్లోకే వదులుతుంది.

మాది 150 లీటర్ల ట్యాంక్. అందులో జోవాంతిడ్లు, మష్రూమ్ కోరల్స్, ఒక లెదర్ కోరల్ ఉన్నాయి, అన్నీ రాతి గూడు కట్టని రకాలే. రాతి పగడాల జోలికి పోను. అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, ఎవరైనా అమ్ముతామన్నా వద్దనండి. నా కోరల్స్‌కి 25 నుంచి 27 డిగ్రీలు హాయి. 30 దాటి అలాగే ఉండిపోతే, ఒంట్లో కాపురముండే నాచుని బయటికి గెంటేస్తాయి. వాటి తిండిలో ఎక్కువ భాగం ఆ నాచు పెట్టేదే. అది పోతే తెల్లబడి, చిక్కిపోతాయి.

నీళ్లని ఆవిరి చేయడమే ఫ్యాన్ చేసే పని. 150 లీటర్లలో ఒక్క లీటరు ఆవిరైతే లెక్క ప్రకారం దాదాపు 4 డిగ్రీల వేడి పోవాలి. డబ్బా మీదా అదే అంకె వేశారు. మార్చిలో మా ఇంట్లో రెండున్నర డిగ్రీల దాకా తగ్గింది. మే నెలాఖరున, గోపాల్‌పూర్ సముద్రపు తేమ గాలి జిడ్డులా ఒంటికి పట్టేసే రోజుల్లో, ఒక్క డిగ్రీ తగ్గితే గొప్ప. రాయగడలో మా బావమరిది దగ్గరా ఇదే సెట్టు ఉంది. అటు సముద్రం గాలి లేదు కదా, వాడికి ఏ ఫిర్యాదూ లేదు.

ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది. అందుకని రోజూ ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పోయాలి, ట్యాంకు నీళ్ల సాంద్రత 1.025 దగ్గర నిలబెట్టుకోవాలి. పొద్దున్నే మా ఆవిడ "మీ సముద్రం తగ్గిందండీ" అని కేకేస్తుంది.

రెక్కల మీద ఉప్పు పేరుకుంటుంది, తడిగుడ్డతో తుడవకపోతే గరగరమంటాయి. స్క్రూలు తుప్పు పట్టాయి, స్టీలువి వేయించాను. మూత తీసేయాలి గనక చేపలు దూకకుండా పైన వల తప్పదు.

2013లో ఫైలిన్ తుపాను చూసిన ఊరు మాది. కరెంటు పోతే నడుస్తుందా అన్నదే ఇక్కడ మొదటి ప్రశ్న. ఇన్వర్టర్ మీద ఇది హాయిగా తిరుగుతుంది.

మే, జూన్ మధ్యాహ్నాలు మాత్రం ఆ గదిలో ఏసీ వేసి తలుపు మూస్తున్నాను. ఏసీ గాలిలోని తేమని కూడా లాగేస్తుంది కాబట్టి ఫ్యాన్ మళ్లీ దారిలో పడుతుంది. ఆ కరెంటు బిల్లు కూడా కలుపుకుని అయిదుకి మూడున్నర ఇస్తాను.