మైలాపూరులో మన పంతులుగారి పార్కు

అమ్మ కంటి చెకప్ కోసం ఫిబ్రవరిలో చెన్నై వెళ్ళాం. గురువారం చూసి, మళ్ళీ సోమవారం రమ్మన్నారు. మధ్యలో బెజవాడ వచ్చి వెళ్ళే ఓపిక ఆవిడకు లేదు కాబట్టి మైలాపూరులోనే ఉండిపోయాం. అలా నాలుగు పొద్దులు నాగేశ్వరరావు పార్కులో గడిచాయి. వైద్యానికి చెన్నై వెళ్ళే తెలుగువాళ్ళు చాలామందే ఉంటారు, వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

సెంట్రల్‌లో దిగి రోడ్డు దాటితే పార్క్ టౌన్ స్టేషను. అక్కడ వేళచ్చేరి వైపు లోకల్ ఎక్కితే తిరుమయిలై, అంటే మైలాపూరు స్టేషన్లో దిగొచ్చు. టికెట్ అయిదు రూపాయలు. సామాను తక్కువైతే ఇదే మేలు. మాకు రెండు సూట్‌కేసులు, పైగా అమ్మకు మోకాళ్ళ నొప్పి. మెట్లు ఎక్కి దిగేసరికి ఆవిడ నా మొహం చూసిన చూపు ఇంకా గుర్తుంది. వచ్చేటప్పుడు మాత్రం మారుమాట్లాడకుండా ఆటో పిలిచాను.

మొదట దిగిన లాడ్జి కపాలీశ్వరుడి గుడి మాడవీధుల దగ్గర. గది 1,800. ఫోన్లో అడిగితే లిఫ్ట్ ఉందన్నారు. ఉంది, నిజమే. రెండు రోజులుగా పనిచేయడం లేదని అడగలేదు కాబట్టి చెప్పలేదు. మూడో అంతస్తు. మర్నాడే లజ్ చర్చి రోడ్డు వైపు ఇంకో చోటికి మారాం. 2,600, కిటికీ లేని గది, కానీ నిశ్శబ్దం. గుడి పక్కనే ఉండాలని పట్టుదల లేకపోతే పెద్దవాళ్ళతో లజ్ వైపే నయం. మెట్రో తవ్వకాల వల్ల లజ్ కూడలి దగ్గర దారులు మార్చేశారు. మ్యాపులో అయిదు నిమిషాలంటే ఇరవై అనుకోండి.

ఇక పార్కు. పెద్దదేమీ కాదు, అమ్మ నడకకు కూడా ఒక చుట్టు ఏడెనిమిది నిమిషాలు. గేటు మీద పేరు చదివి అమ్మ, "ఎవరే ఈయన?" అంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టి, 1908లో అక్కడే ఆంధ్రపత్రిక మొదలుపెట్టి, 1914లో మద్రాసు వచ్చి దాన్ని దినపత్రిక చేసినాయన. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు ఆంధ్ర రాష్ట్రం కోసం శ్రీబాగ్ ఒడంబడిక చేసుకున్నది ఈ మైలాపూరులోని ఆయన ఇంట్లోనే. ఇదంతా చెప్తే అమ్మ సంచిలోంచి పసుపుపచ్చ సీసా తీసి, "ఇదేనా?" అంది. అదే.

ఆరు కాకముందే నడిచేవాళ్ళు వచ్చేస్తారు. చీర మీద కాన్వాస్ బూట్లు వేసుకున్న మామిలు, పంచె ఎగ్గట్టిన తాతలు, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో కుర్రాళ్ళు. అమ్మ బెంచీ మీద కూర్చుని అరటిపండు తిని తొక్క పక్కన పెట్టింది, తర్వాత పారేద్దామని. నిమిషం కాలేదు, ఒక పెద్దాయన ఆగి, నవ్వుతూనే, వేలితో చెత్తబుట్ట చూపించి వెళ్ళాడు. "ఇప్పుడేమైందని? నేను పారేయనా?" అని అమ్మ ఉడుక్కుంది. ఆ రోజంతా అదే మాట.

రెండో రోజు ఆయనే మా మాటలు విని ఆగాడు. "మా ఇంట్లోనూ తెలుగేనండి. మాట్లాడతాం, చదవను రాదు." చెన్నైలో తరాలుగా ఉన్న తెలుగువాళ్ళలో ఈ మాట చాలాసార్లు విన్నాను. ఎనభై దగ్గర పడ్డాయట. చిన్నప్పటి నుంచీ లజ్‌లోనే. ఒకప్పుడు ఈ పార్కు చోట కుంట ఉండేదని వాళ్ళ నాయన చెప్పేవాడట. 2016 డిసెంబరులో వర్దా తుపాను వచ్చిన మర్నాడు గేటులోంచి లోపలికి దారే లేదన్నాడు. చెట్టు పోయిన చోటల్లా ఆగి, ఇక్కడ నీడ ఎంత దూరం పడేదో అడుగులేసి చూపించాడు.

స్థలం కార్పొరేషన్‌ది. సంరక్షణ చాలా ఏళ్ళుగా సుందరం ఫైనాన్స్ చూస్తోంది. మరి ఊళ్ళోవాళ్ళు చేసేదేమిటి అని నాకు అనుమానం వచ్చింది. శుక్రవారం పొద్దున తెలిసింది. ఒక మూల నీళ్ళ పైపు కారుతోంది. నడుస్తున్నవాళ్ళలో ముగ్గురు ఆగారు. ఒకాయన కాలితో నేల తడి చూశాడు, ఇంకొకాయన ఫోన్లో ఫొటో తీశాడు, మూడో ఆవిడ తోటమాలిని పేరు పెట్టి పిలిచింది. అతను రబ్బరు ముక్క తెచ్చి కట్టేదాకా ముగ్గురూ కదల్లేదు. మన పెద్దాయన దగ్గరైతే చిన్న డైరీ. వెలగని దీపం, కదులుతున్న రాయి, పుచ్చిన కొమ్మ, అన్నీ తేదీతో సహా. "వాళ్ళకి వంద పనులు. మాకు రోజూ చూసే పనేగా," అన్నాడు.

ఇది అందరికీ నచ్చుతుందని చెప్పను. కాస్త పెత్తనం కూడా ఉంది. కాలేజీ జంట ఒకటి చెట్టు కింద కూర్చుంటే మూడు చుట్లకీ మూడుసార్లు తలతిప్పి చూసినవాళ్ళున్నారు. పొట్లాం విప్పితే అనుమానంగా చూస్తారు. మా ఇల్లు, మీరు చుట్టాలు అన్నట్టు ఉంటుంది వ్యవహారం. కానీ నాలుగు రోజుల్లో పొదల్లో ఒక్క టీ కప్పు కనిపించలేదు, అది మాత్రం నిజం. మధ్యాహ్నం నీడ కోసం వెళ్తే గేటు మూసి ఉంది. పొద్దున, సాయంత్రమే వెళ్ళండి.

పోల్చి చూసుకోడానికి శనివారం రెండు చోట్లకి వెళ్ళాం. కెథీడ్రల్ రోడ్డులోని సెమ్మొళి పూంగా, పాత వుడ్‌ల్యాండ్స్ డ్రైవ్-ఇన్ హోటల్ ఉన్న చోట 2010లో తెరిచిన తోట. టికెట్, చాలా రకాల మొక్కలు, బాగా పెద్దది, ఫొటోలకి బాగుంటుంది. అమ్మ అరగంటలో పదమంది. టీ నగర్ పనగల్ పార్కు సంగతి వేరు. అదీ మనవాడి పేరే, మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా చేసిన పనగల్లు రాజా రామారాయణింగారి పేరు. చుట్టూ చీరల కొట్లు, లోపల కొంత మేర మెట్రో రేకుల గోడలు. చీరలు కొన్నాం, పార్కులో కూర్చోలేదు.

తిండికి మైలాపూరులో లోటు లేదు. పొన్నంబళ వాధ్యార్ వీధిలో జన్నల్ కడై, అంటే కిటికీ కొట్టు. ఇంటి కిటికీలోంచే బజ్జీలు, పొంగలి ఇస్తారు, వీధిలో నిలబడి తినాలి. అమ్మకి నిలబడటం కష్టమని పొట్లం కట్టించుకున్నాను. పొట్లం కట్టాక ఆ రుచి సగమే. రాయర్ మెస్ చాలా ఇరుకు, పొద్దున్నే వెళ్ళకపోతే నిలబడాలి, అయినా ఆ పచ్చడికి వెళ్ళొచ్చు. తూర్పు మాడవీధిలో కాళత్తి కొట్టు రోజ్ మిల్క్ గురించి అందరూ చెప్తారు. నాకు తీపి ఎక్కువనిపించింది. అమ్మ రెండోది అడిగింది.

ఆదివారం, నెలలో మొదటిది. ఆ రోజు పొద్దున ఏడింటికి పార్కులో పిల్లల కచేరీ ఉంటుంది, మైకు లేకుండా. పదేళ్ళ పిల్ల పాడుతోంది, పక్కన వయొలిన్, మృదంగం కూడా పిల్లలే. వినాలంటే దగ్గరికి జరగాలి, అందరూ జరిగారు. పైన కాకులు వాటి పని అవి చేసుకుంటున్నాయి. పాడింది త్యాగరాజ కీర్తన. ఆ పిల్లకి తెలుగు ఒక్క ముక్క రాదట, అయినా ఒత్తులు ఎక్కడా పోలేదు. అమ్మ పెదవులు కదుపుతూ కూర్చుంది. కచేరీ అయ్యాక ఎవరో కుర్రాడు బిస్కెట్ కాగితం మడిచి బెంచీ సందులో దోపబోతే, ఆవిడే వేలు చూపించింది చెత్తబుట్ట వైపు.

సోమవారం వెళ్ళేముందు పెద్దాయనకి చెప్పడానికి వెళ్ళాం. మాది పామర్రు దగ్గర అన్నాను. పంతులుగారి సొంతూరు యలకుర్రు కూడా మా మండలమే. ఆయన ఆగి, డైరీ తీసి, ఆ పేరు నాతో నిదానంగా మళ్ళీ చెప్పించుకుని తమిళంలో రాసుకున్నాడు. "ఊరు ఎట్లుంటుందండి?" అని అడిగాడు.

నేను ఎప్పుడూ వెళ్ళలేదు. వెళ్ళి ఫొటో పంపిస్తానని నంబరు తీసుకున్నాను.