ఉద్దానం ఉప్పుగాలిలో పాత .315 రైఫిల్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ఇది అచ్చంగా మిలటరీ వదిలేసిన తుపాకీ కాదు, ముందే చెప్పేస్తున్నా. మిలటరీ వాడిన .303 నిషేధిత బోరు (తూటా సైజు), మామూలు లైసెన్సు మీద రాదు. అందుకే ఆ పాత మిలటరీ రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టే (తూటాని లోపలికి తోసి గొట్టం వెనక మూసే భాగం) పెట్టి, వేరే తూటాకి సరిపోయేలా మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు .315 స్పోర్టింగ్ రైఫిల్ చేశాయి. పాత సిపాయికి సివిల్ బట్టలు వేసినట్టు ఉంటుంది. నాన్నగారి నుంచి వారసత్వంగా నా లైసెన్సులోకి ఎక్కింది.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పలాస దగ్గర మా ఇంటి రేకులు లేచిపోయాయి, తుపాకీ పెట్టెలోకి నీళ్లు చేరాయి. బాగు చేయించడం అక్కడ మొదలైంది. బోల్టు, గొట్టం పని లైసెన్సున్న గన్ రిపేరు మనిషికే ఇచ్చాను. పైన ఎర్రగా ఎంత తుప్పున్నా గొట్టం లోపల గాడులు పదునుగా ఉంటే బతికినట్టే, నాది బతికింది. బోల్టు పిడి మొదట్లో ఉన్న నంబరు, బాడీ మీది నంబరు ఒకటేనా అని కూడా చూసుకోండి, వేరే తుపాకీ బోల్టు తగిలించి అమ్మేవాళ్లున్నారు.

కర్ర పని మాత్రం నేనే చేసుకున్నా. ఇక్కడ ఒక మెలిక ఉంది. వెనక కర్రని పట్టి ఉంచే పొడుగు మర బోల్టు మడమలోంచి (భుజానికి ఆనించే కొస) పోతుంది కదా, దాని నలుచదరం కొస ముందు కర్రలో ఉన్న చిన్న ప్లేటులో కూర్చుంటుంది. అందుకని ముందు కర్ర ఊడదీయకుండా ఆ బోల్టు తిప్పారో, ముందు కర్ర నిలువునా చీలుతుంది. పెచ్చులూడిన వార్నిష్‌ని గాజుపెంకుతో గీకేసి, పెయింటు షాపులో దొరికే డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ నాలుగు చుక్కలు అరచేత్తో రుద్ది, మిగిలింది తుడిచేసి, ఆరాక మళ్లీ రుద్దుతూ పోయా. పచ్చి అవిసె నూనె వద్దు, మన సముద్రపు గాలికి వారాల తరబడి జిగురుగానే ఉంటుంది. నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి. ఇన్నేళ్లకీ ఆ కర్ర ఉబ్బలేదు, తెల్లబారలేదు. పెట్టిన ఖర్చంతటిలో అన్నిటికంటే తక్కువైంది, ఎక్కువ పనికొచ్చింది ఇదే.

సోకుల సంగతికొస్తే, పాత మిలటరీ ఎన్‌ఫీల్డ్‌కి ఉన్నట్టు మడమకి ఇత్తడి ప్లేటు ఉండాలని, ఇత్తడి పనికి పేరున్న బుడితిలో పోత పోయించాను. పని అద్భుతం, చింతపండుతో తోమితే బంగారంలా మెరుస్తుంది. షూటింగ్ రేంజిలో కాల్చాక భుజం ఎముక దగ్గర నల్లగా కమిలిపోయింది! ఇప్పుడు రబ్బరు ప్యాడే వాడుతున్నా, ఇత్తడిది షోకేసులో ఉంది. బాడీకి రంధ్రాలు వేయకుండా బిగించే స్కోపు మౌంటు కూడా తెచ్చా గానీ కాల్చేకొద్దీ గురి జరుగుతోంది, తీసేశా. తుపాకీ మీదున్న ఇనుప గురి చాలు. ఇక గొట్టం కోసి పొట్టి చేయిద్దామనే సలహాలు వినకండి, అది ఆయుధ చట్టం కింద నేరం.

తూటాలకి అడుగున అంచు ఉంటుంది కాబట్టి, మ్యాగజైన్‌లో పెట్టేటప్పుడు పై తూటా అంచు కింది దాని అంచుకి ముందుండాలి. వెనకుంటే చిక్కుకుంటుంది, రేంజిలో అందరి ముందూ బోల్టుతో కుస్తీ పట్టాలి.

ఎలుగుబంటి తోటలోకొస్తే కాలుస్తావా అని మా జీడితోటల వాళ్లు అడుగుతుంటారు. అది వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 జంతువు బాబూ, ఫారెస్టువాళ్లకి ఫోన్ చేయాలి, అంతే.

అసలు టెన్షన్ ఎన్నికలప్పుడు. తుపాకీ అప్పగించాల్సి వస్తుంది. 2024లో మార్చి మధ్యలో ఎన్నికల కోడ్ మొదలైతే నాది జూన్ దాకా డిపాజిట్‌లోనే ఉంది. ఎండాకాలపు ఉక్కలో, ఎవరూ తుడవని చోట. ఇచ్చే ముందు గొట్టం లోపలా బయటా గ్రీజు దట్టంగా పట్టించి, రసీదులో నంబరు సరిచూసుకుని ఇవ్వండి. క్యాన్వాసు కవరులో పెట్టి మాత్రం ఇవ్వొద్దు, అది చెమ్మ పీల్చి ఇనుముకి అంటిస్తుంది.