ఇంట్లోనే మార్చిన రేడియేటర్, వాల్వ్, హోస్‌లు: అయిదేళ్లు, 62 వేల కిలోమీటర్ల తర్వాత

కారు కె10 ఇంజిన్ ఉన్న పాత వ్యాగన్‌ఆర్, పెట్రోల్. రేడియేటర్, దాని మూత, థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి వెళ్లనివ్వనిది), పైహోస్, కిందిహోస్ (రేడియేటర్‌ను ఇంజిన్‌కు కలిపే రబ్బరు గొట్టాలు), వాటర్ పంప్ అన్నీ ఒకేసారి ఇంటి దగ్గరే మార్చినవి. తర్వాత అయిదు ఎండాకాలాలు గడిచాయి, ఏసీ వేసుకుని తిరుమల ఘాట్ ఎక్కడం కూడా అయింది. ఇన్నాళ్ల వాడకంలో తేలింది ఒకటే. ఖరీదైన భాగాలేవీ ఇబ్బంది పెట్టలేదు. పెట్టినవి మూత, క్లిప్పులు, చవక హోస్. పని నాణ్యత తేలేది కూడా భాగాల దగ్గర కాదు, నీళ్ల దగ్గర, గాలి తీసే దగ్గర.

ముందు మూత సంగతి. దీన్ని చాలామంది ఒట్టి బిరడాలా చూస్తారు, నిజానికి అది వాల్వ్. దాని మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. అంత ఒత్తిడి వచ్చేదాకా నీటిని లోపలే పట్టి ఉంచుతుంది. 1.1 మూత కింద మామూలు నీళ్లు కూడా 120 డిగ్రీలు దాటితేగాని మరగవు, సగానికి సగం కూలెంట్ కలిపితే ఇంకో ఏడెనిమిది డిగ్రీలు పెరుగుతుంది. మూత రబ్బరు గట్టిపడిందా, ఈ లెక్కంతా పోయి నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి. కొత్తగా వేసిన మూత రబ్బరు మూడో ఏటికి బిరుసెక్కింది. గుర్తు ఏమిటంటే, ఇంజిన్ చల్లారాక రిజర్వాయర్ డబ్బాలోని కూలెంట్ వెనక్కి రేడియేటర్‌లోకి రావడం లేదు, పైహోస్ లోపలికి పీల్చుకుపోయి చప్పిడిగా ఉంది. మూత మారిస్తే అయిపోయింది. పాత మూత మీద ఏ అంకె ఉంటే అదే అంకెది తెచ్చుకోండి. ఎక్కువది పెడితే రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అతుకు దగ్గర ముందు తెగుతుంది.

థర్మోస్టాట్ కంపెనీదే వేశాను, ఇప్పటికీ అదే. పెట్టే ముందు కొత్తదైనా సరే పరీక్షించండి. గిన్నెలో నీళ్లు పోసి, వాల్వ్‌ను అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీసి, పక్కనే థర్మామీటర్ ఉంచి వేడి చేయాలి. 82 అని ముద్ర ఉన్నది ఆ చుట్టుపక్కల వేడికి తెరుచుకోవడం మొదలుపెట్టాలి, నీళ్లు మరిగే సరికి కనీసం 8 మిల్లీమీటర్లు లేవాలి. అంచున ఉన్న చిన్న రంధ్రం, అందులో కదిలే బుడిపె, పైవైపు రావాలి. అది కిందికి పెడితే గాలి పైన ఇరుక్కుపోతుంది. వాల్వ్ కూర్చునే హౌసింగ్‌కు 10 నంబర్ స్పానర్ పట్టే బోల్టులు ఉంటాయి. అల్యూమినియంలోకి దిగే మరలు కాబట్టి 10 న్యూటన్ మీటర్లు చాలు, బలం చూపిస్తే మర తెగుతుంది.

ఎండాకాలం వస్తే వాల్వ్ పీకేయడం మన దగ్గర కొన్ని షెడ్లలో ఆనవాయితీ. దయచేసి ఒప్పుకోకండి. వాల్వ్ లేని ఇంజిన్ హైవే మీద సరిగా వేడెక్కదు, ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. కొన్ని ఇంజిన్లలోనైతే బైపాస్ దారి మూతపడక, నీళ్లు రేడియేటర్‌ను తప్పించుకుని తిరిగి ఇంకా వేడెక్కుతాయి.

హోస్‌లలో పైది కంపెనీది, కిందిది బయటి రకం. బయటిది రెండేళ్లు నిండకముందే మెడ దగ్గర ఉబ్బింది. నొక్కితే లోపల కరకరమంది, కోసి చూస్తే లోపలి పొర పెచ్చులుగా లేచి ఉంది. కిందిహోస్ పంపు పీల్చే వైపు ఉంటుంది కాబట్టి అది మెత్తబడితే లోపలికి ముడుచుకుపోయి దారి మూసేస్తుంది. బయటికి చుక్క కారదు, వేగంలో మాత్రం ఇంజిన్ హీటెక్కుతుంది. అందుకే కిందిహోస్ దగ్గర డబ్బు మిగుల్చుకోవద్దు. పాత హోస్ రాకపోతే స్క్రూడ్రైవర్‌తో తవ్వకండి, బ్లేడుతో పొడుగునా చీల్చి ఒలవండి. పైపు మూతి మీద పడిన ఒక్క గీత చాలు, కొత్త హోస్ అక్కడే చెమరుస్తుంది.

స్క్రూ తిప్పే పట్టీ క్లిప్పులు ఒక ఏడాదికే రబ్బరును కోశాయి. కంపెనీ స్ప్రింగ్ క్లిప్పు వేడికి, చలికి తానే సర్దుకుంటుంది. తుప్పు లేకపోతే పాతవే మళ్లీ వేయండి, హోస్ మీద పాత అచ్చు ఉన్న చోటే.

వాటర్ పంప్ ఈ ఇంజిన్‌లో బయటి బెల్టుతో తిరుగుతుంది, టైమింగ్ చైన్ జోలికి వెళ్లక్కర్లేదు. బెల్టు తీయకముందే పుల్లీ బోల్టులు వదులు చేయండి. బెల్టు తీశాక పుల్లీ చేతిలో తిరుగుతూ ఉంటుంది, బోల్టు రాదు. పాత గ్యాస్కెట్ ముక్కలను ప్లాస్టిక్ పలకతోనే గీకాలి. పంప్ ఒంటి మీద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. దాని కింద ఎండిన కూలెంట్ చార కనిపిస్తే సీల్ పోతున్నట్టే, ఆ రంధ్రాన్ని ఎం-సీల్‌తో మూసే ఆలోచన చేయకండి. నీళ్లు బేరింగ్‌లోకి వెళ్తాయి.

ఇక నీళ్లు. బోరు నీళ్లు పోసిన పాత రేడియేటర్ మెడలో తెల్లటి పొర గోకితే రేకులుగా ఊడింది. ఇంటి కెటిల్‌లో కట్టేదే అది. బ్యాటరీ షాపుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ వద్దు. వాటర్ ప్లాంటు క్యాన్ నీళ్లలో కూడా లవణాలు మిగులుతాయి.

చాలామంది తప్పే లెక్క ఒకటుంది. కింద ప్లగ్ విప్పితే మొత్తం కూలెంట్ రాదు, ఇంజిన్ బ్లాక్‌లో కొంత నిలిచిపోతుంది. ఉదాహరణకు మొత్తం 4 లీటర్లు పట్టే దాంట్లో రెండున్నరే బయటికి వచ్చిందనుకోండి. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాక ఒకటిన్నర లీటర్ల ఉత్త నీళ్లు లోపలే ఉంటాయి. దాని మీద సగానికి సగం నీళ్లు కలిపిన కూలెంట్ పోస్తే లోపల మిశ్రమం మూడో వంతుకు దగ్గరగా పడిపోతుంది. కాబట్టి కడిగాక ముందు నీళ్లు కలపని కూలెంట్ 2 లీటర్లు, తర్వాత డిస్టిల్డ్ వాటర్ అర లీటరు. మొత్తం కలపని కూలెంటే పోయడం కూడా తప్పే, అది వేడిని నీళ్లంత బాగా మోయలేదు. రంగు చూసి కొనకండి, సర్వీసు పుస్తకంలో చెప్పిన రకం చూసి కొనండి. రెండు రకాలు కలిపితే తుప్పు ఆపే మందులు దెబ్బతింటాయి, కొన్ని జతలు బురదలా ముద్ద కడతాయి.

గాలి తీయడానికి తొందర పనికిరాదు. కారు ముందు చక్రాలు ఎత్తు మీద ఉండాలి, హీటర్ బటన్ పూర్తి వేడి వైపు. నెమ్మదిగా పోస్తూ పైహోస్‌ను చేత్తో నొక్కి వదులుతుంటే బుడగలు వస్తాయి. మూత పెట్టకుండానే ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచండి. వాల్వ్ తెరుచుకున్నప్పుడు మెడలో మట్టం గభాలున దిగుతుంది, అప్పుడు పోయాలి. కూలెంట్ పొంగి రాబోతే వెంటనే మూత బిగించండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగాలి. డ్యాష్‌బోర్డు వెనుక గుడగుడ వినపడితే ఇంకా గాలి ఉన్నట్టే. మర్నాడు పొద్దున చల్లని ఇంజిన్ మీద మళ్లీ మట్టం చూడండి, దాదాపు ఎప్పుడూ పావు లీటరైనా పడుతుంది.

ఓబీడీ పోర్టుకు (డ్యాష్‌బోర్డు కింద, ఇంజిన్ సమాచారం చదివే సాకెట్) పెట్టే చిన్న బ్లూటూత్ పరికరం ఉంటే కూలెంట్ వేడి ఫోన్‌లో కనపడుతుంది. మే నెల ట్రాఫిక్‌లో ఏసీతో 88 నుంచి 97 మధ్యే ఉంటోంది. 100 దాటి ఎక్కుతూ పోతే ఏసీ ఆపి, పక్కకు తీసి ఆపండి. వేడిగా ఉన్నప్పుడు మాత్రం మూత విప్పొద్దు, ఆవిరి ముఖానికి కొడుతుంది. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీయడం కూడా మరిచిపోవద్దు, ఫ్యాన్ చెప్పి తిరగదు.

కారుతుంటే పసుపు పోయమని చెప్పేవాళ్లు ఉన్నారు. పసుపైనా, లీక్ ఆపే పొడైనా ఆ చిల్లుతో పాటు హీటర్‌లోని సన్నటి గొట్టాలనూ మూసేస్తుంది. కొత్త రేడియేటర్ వేశాక కూడా స్టార్ట్ చేయగానే మెడలో బుడగలు ఆగకుండా వస్తున్నా, ఆయిల్ మూత కింద పాలమీగడ లాంటిది కనిపిస్తున్నా హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కు, దాని పైభాగానికి మధ్య ఉండే సీల్) చూపించండి, అది ఇంటి పని కాదు.

తీసిన పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే కిడ్నీలు పోతాయి. పళ్లెంలో పట్టి, మూత ఉన్న క్యాన్‌లో పోసి, పాత ఆయిల్ తీసుకునే సర్వీసు షెడ్డుకు ఇచ్చేయండి.