వెలూర్ కార్పెట్ రోల్స్ కొనేవాళ్ళు జాగ్రత్త: "నాన్‌వోవెన్ అంటే ఊడుతుంది" అంటున్నాడు

టెంట్ హౌస్, ఫంక్షన్ హాల్, కారు మ్యాట్ల పనిలో ఉన్న అన్నలందరికీ. పానిపట్ ‘డైరెక్ట్ మిల్’ ఆయనకు వెలూర్ (పైన మెత్తటి నూగున్న కార్పెట్) రోల్స్ కోసం అడ్వాన్స్ వేసి ఉంటే ఇప్పుడే ఆపించండి. ఎవరో మీకు తెలుసు, రోజూ పొద్దున్నే గులాబీ బొమ్మతో గుడ్ మార్నింగ్, వెనకాలే కలర్ చార్ట్. పేరు ఇక్కడ రాయడం లేదు, అంతే.

ఒక ఫంక్షన్ హాల్ వాళ్ళు మాట్లాడుకున్నది మెరూన్, 500 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి గ్రాముల బరువు), పాలీప్రొపిలీన్ పీచు, లేటెక్స్ బ్యాకింగ్ (వెనక రబ్బరు పూత), 2 మీటర్ల వెడల్పు, 25 మీటర్ల రోల్. శాంపిల్ బంగారం. సరుకు దిగింది, హాల్లో పరిచారు, పెళ్ళివాళ్ళు నడిచారు. సాయంత్రానికి తెల్ల పంచెల అంచులన్నీ మెరూన్ నూగే. వీడియో తీసి పంపితే వచ్చిన జవాబు ఇది:

"నాన్‌వోవెన్ హై సాబ్, రేషా తో నికలేగా హీ. బ్రష్ మార్ లీజియే."

నాన్‌వోవెన్ (నేయనిది) కదా, పీచు ఊడక ఏం చేస్తుంది, బ్రష్ కొట్టుకోండి అని! సరుకు పాడైనందుకు కాదు, ఈ మాటకే ఒళ్ళు మండుతోంది. రేటు చెప్పేటప్పుడు "జర్మన్ మెషిన్ మాల్ సాబ్" అని గంటసేపు ఊదరగొట్టిన నోరే ఇది. ఊడేదాన్ని బ్రష్ కొడితే ఇంకా ఊడుతుందని జర్మన్ మెషిన్ పెట్టుకున్నాయనకి తెలియదా?

మొదటిసారి ఊడ్చినప్పుడు కాస్త పొట్టు రావడం మామూలే, దాన్నెవరూ అనరు. కానీ సరిగ్గా తీసిన వెలూర్ ఊడదు. రేపు మీకూ ఇదే కబురు చెప్తాడు కాబట్టి ఎందుకు ఊడదో వినండి.

ఇందులో పడుగూ పేకా లేవు, నిజమే. పీచును కార్డింగ్‌లో దువ్వి, ఆ పల్చటి పొరను క్రాస్ లాపర్ మీద అటూ ఇటూ మడతలేసి, ముళ్ళ సూదులతో గుచ్చి గుచ్చి ముందు గట్టి ఫెల్ట్ చేస్తారు. ఆ ఫెల్ట్ వెలూర్ మెషిన్‌కి వెళ్తుంది. అక్కడ సూదులు వేరు. కొన పాము నాలుకలా చీలి ఉంటుంది, లేదంటే ముళ్ళన్నీ కొన దగ్గరే ఉంటాయి. ఫెల్ట్ కింద చిల్లుల పలక ఉండదు, బ్రష్ బెల్టు ఫెల్ట్‌తో పాటే కదులుతుంది. సూది ఫెల్ట్‌లోంచి నాలుగు పీచులు పట్టుకుని కుచ్చుల్లోకి తోస్తుంది. సూది వెనక్కి పోయినా కుచ్చులు పీచును వదలవు. మీ కాలికి మెత్తగా తగిలే నూగు అదే. ప్రతి పీచూ మధ్యలో వంగి నూగులోకి వస్తుంది, దాని రెండు కాళ్ళూ ఫెల్ట్‌లోనే పాతుకుని ఉంటాయి. వెనక పూసిన లేటెక్స్ ఆ కాళ్ళను బిగిస్తుంది. ఊడిందంటే కాళ్ళైనా పొట్టివి అయ్యుండాలి, లేటెక్స్ అయినా అబద్ధం అయ్యుండాలి. ఇక్కడ రెండూ.

ఊడిన పొట్టును తెల్ల కాగితం మీద పరిచి స్కేలు పెట్టండి. కార్పెట్ వెలూర్‌కి మామూలుగా వాడేది 60 నుంచి 90 మిల్లీమీటర్ల పీచు. ఈ పొట్టులో ఎక్కువభాగం 20, 25. ఊడేది పొట్టిదే కదా అంటారేమో, రోల్ మధ్యలోంచి ముక్క కోసి చిమటాతో లాగినా అవే వస్తున్నాయి. నూగు ఎత్తు 5 మిల్లీమీటర్లు అంటే పైకెక్కి దిగడానికే 10 పోతుంది. 25లో మిగిలింది 15, కాలుకి ఏడున్నర. అది దేన్ని పట్టుకుని నిలబడాలి?

ఇంకోటి. పైనుంచి తీసిన నూగును గ్లాసు నీళ్ళలో ఒక్క షాంపూ చుక్క వేసి బాగా నానేలా కలపండి. పాలీప్రొపిలీన్ నీటికంటే తేలిక, తేలాలి. పాలిస్టర్ మునుగుతుంది. వీళ్ళ సరుకులో దాదాపు సగం అడుక్కి పోయింది. బిల్లు మీద మాత్రం "100% పీపీ", అంటే అంతా పాలీప్రొపిలీనే అని. ఏ వేస్టు పీచు కలిపాడో ఆయనకే తెలియాలి. (బ్యాకింగ్ ముక్కతో ఈ పరీక్ష చేయకండి, లేటెక్స్‌లో కలిపే సుద్ద బరువుకి ఏదైనా మునుగుతుంది.)

ఇక తూకం. రోల్ 50 చదరపు మీటర్లు, 500 జీఎస్ఎమ్ లెక్కన 25 కిలోలు ఉండాలి, గొట్టం కాకుండా. ఉంది! కట్టర్‌తో 100 చదరపు సెంటీమీటర్ల బిళ్ళ కోస్తే సరిగ్గా 5 గ్రాములు. మోసమంతా అక్కడే. మాట్లాడుకున్నది 380 పీచు, 120 కోటింగ్. ల్యాబ్‌లో 550 డిగ్రీల దగ్గర కాలిస్తే పీచు, రబ్బరు పోయి సుద్ద మిగులుతుంది. 5 గ్రాముల బిళ్ళకి 1.7 గ్రాముల బూడిద వచ్చింది, అంటే చదరపు మీటరుకి 170 గ్రాముల సుద్ద. మిగిలిన 330లో పీచూ ఉండాలి, రబ్బరూ ఉండాలి. రబ్బరు సున్నా అనుకున్నా పీచు 50 గ్రాములు తక్కువ. పీచు రేటుకి సుద్ద అమ్మాడన్నమాట. లేటెక్స్‌లో సుద్ద కలపడం అందరూ చేసేదే, తప్పు కాదు. రబ్బరుని మించి మించి పోస్తేనే పట్టు పోతుంది. బ్యాకింగ్‌ను బయటికి మడిచి వేలితో నొక్కితే తెల్లగా చిట్లి పొడి రాలుతోంది. ఓవెన్‌లోనూ తొందరపడ్డట్టున్నారు. పాలీప్రొపిలీన్ 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అందుకని వేడి పెంచి త్వరగా లాగేయడం కుదరదు. నిదానంగా ఆరనివ్వాలి. నిదానంగా నడిపితే రోజుకి మీటర్లు తగ్గుతాయి, అదీ బాధ.

ఇవన్నీ డబ్బుకి సంబంధించినవి. అసలు క్షమించరానిది ఇంకోటుంది. రెండు రోల్స్‌లో పొడవునా ఒకేచోట నూగు లేని సన్న గీత. అది మెషిన్‌లో సూది విరిగిన గుర్తు. విరిగితే ఆపి మార్చాలి, విరిగిన కొన కోసం వెతకాలి. రోల్ చుట్టే ముందు మెటల్ డిటెక్టర్ కింద నడపాలి. గీత పక్కనే అయస్కాంతం తిప్పితే బియ్యపు గింజంత సూది కొన తగులుకుంది. పిల్లలు ఒట్టి కాళ్ళతో పరిగెత్తే చోట పరిచేది ఇది. దీనికి కూడా "బ్రష్ మార్ లీజియే" అంటాడేమో.

ఆ ఫోటో పంపాక బ్లూ టిక్కులు పడ్డాయి, అంతే. యాప్‌లో కంప్లైంట్ పెడితే "బయ్యర్ శాంపిల్ అప్రూవ్ చేశారు" అని మూసేశారు. శాంపిల్ అప్రూవ్ అయిందని ఎవరు కాదన్నారు? పంపింది శాంపిల్ కాదనే కదా గొడవ.

కొనక తప్పదంటే ఇవి చూసుకోండి. పీచు జీఎస్ఎమ్, కోటింగ్ జీఎస్ఎమ్ విడివిడిగా బిల్లులో రాయించండి, బూడిద శాతంతో సహా. మొత్తం జీఎస్ఎమ్ ఒక్కటే రాస్తే ఒప్పుకోకండి. శాంపిల్‌లో సగం ముక్క మీద ఆయన సంతకం చేయించి దాచుకోండి. సరుకు దిగగానే పై చుట్టు చూసి సరిపెట్టుకోకుండా ఒక రోల్ మధ్యదాకా విప్పి, నూగు మీద ప్యాకింగ్ టేపు అంటించి లాగండి. టేపు రంగు మారితే లారీ వెళ్ళేలోపే వెనక్కి ఎక్కించండి. అయస్కాంతం ఎలాగూ తిప్పండి. ఎండలో పందిళ్ళకి వాడేవాళ్ళు యూవీ స్టెబిలైజర్ కలిపిన పీచేనా అని కూడా అడగండి. అది లేని పాలీప్రొపిలీన్ ఎండకి పెళుసెక్కి పొడి పొడి అవుతుంది, అప్పుడు పీచు ఎంత పొడవున్నా ఒకటే.